పొలాలకు పంపిన పిల్లల కోసం పెట్టుకున్న తగాదాలు

నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. మల్కాజ్‌గిరిలో మా పక్కింటావిడ నేను రిటైరయ్యేదాకా బ్యాంకులో పనిచేస్తున్నాననే అనుకుంది. రైతులకు డబ్బిస్తామని ఎప్పుడో చెప్పాను కాబట్టి, లోన్ల సెక్షన్ అని తీర్మానించుకుంది. ఒకసారి వాళ్ళ తమ్ముడికి ట్రాక్టరు లోను కావాలని కూడా వచ్చింది. కాదని చెప్పీ చెప్పీ విసిగి చివరికి ఊరుకున్నాను.

ఇప్పుడు మా పాత ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు కొందరు వచ్చి, "మేడమ్, మీ అనుభవం రాసివ్వండి" అని అడిగారు. ఫైలు ఎలా కట్టాలో, రిపోర్టు ఎలా పంపాలో వాళ్ళకు ఆఫీసులోనే చెబుతారు. అవి నేను రాయను. నేను పెట్టుకున్న తగాదాల గురించి రాస్తాను. అసలు ఉద్యోగం అదే.

పని ఏమిటంటే

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో ఒక కుళాయిల దుకాణం పైన మా ఆఫీసు. దాతలు ఇచ్చిన నిధులతో నగరం చుట్టుపక్కల ఫామ్‌లకు గ్రాంటు ఇచ్చేవాళ్ళం. గ్రాంటు తీసుకున్న రైతు, వ్యవసాయం నేర్చుకోవాలనుకునే పిల్లలను ఒక ఏడాది ఇంటర్న్‌లుగా పెట్టుకోవాలి. గ్రాంటులో ఒక భాగం ఆ పిల్లలకు స్టైపెండు. రెండో భాగం, పని ఆపుకొని నేర్పించినందుకు రైతుకు. ఏ ఫామ్‌కు ఇవ్వాలో చూడటం, ఇచ్చాక వెళ్ళి నేర్పుతున్నారో లేదో చూడటం, నేర్పుతుంటేనే తర్వాతి వాయిదా విడుదల చేయమని సంతకం పెట్టడం నా పని. మా నాన్న అదే బజారులో గోనెసంచులు, తాళ్ళు అమ్మేవాడు. రైతులతో బేరమాడే గొంతు నాకు అక్కడే వచ్చింది.

ఈ పనిలో మొదట తెలుసుకోవలసింది ఒకటుంది. పని వచ్చినవాడికి నేర్పడం కూడా వస్తుందని అనుకోకండి. కీసర దగ్గర కొమరయ్య అని పాడిరైతు ఉండేవాడు. గేదె ఒంటిమీద చెయ్యి వేసి జ్వరం ఉందో లేదో చెప్పేవాడు. కానీ ఇంటర్న్ చేతిలోకి ఏ పని వచ్చినా "నువ్వు జరుగు, నేను చేస్తా" అని లాక్కునేవాడు. పిల్లలు పక్కన నిలబడి చూడటమే చదువు. ఒకరోజు ఆయనతో చెప్పాను: "కొమరన్నా, ఇయ్యాల పొద్దంతా నీ చేతులు ఎనకకు కట్టుకొని ఉండు. నోటితోని చెప్పు, చేతితోని ముట్టకు."

"పాలు ఒల్కిపోతయ్ మేడమ్!"

"ఒల్కనియ్. అండ్ల నష్టానికే కదా నేర్పినందుకు నీకు పైసలు ఇచ్చేది?"

ఆయన నిజంగానే చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీకి వచ్చిన పోలీసు అధికారిలా కొట్టమంతా తిరిగాడు. తిట్లు మాత్రం ఆపలేదు. పాలు కొన్ని ఒలికాయి. సాయంత్రానికి ఇద్దరు పిల్లలకూ పొదుగు పట్టుకోవడం వచ్చింది. ఇలాంటి రైతులతో తగాదా తియ్యగా ఉంటుంది. అన్నీ అలా ఉండవు.

సుమలత

మేడ్చల్ వైపు ఒక పెద్దమనిషికి ప్లాస్టిక్ కప్పు వేసిన పాలీహౌస్‌ల ఫామ్ ఉండేది. ఎర్రవి, పచ్చవి క్యాప్సికం పండించేవారు. పక్కనే వారాంతాల్లో నగరంవాళ్ళు వచ్చి ఉండటానికి కాటేజీలు. ఆయనకు గ్రాంటు ఇచ్చినప్పుడు నేను సెలవులో ఉన్నాను. మా ట్రస్టీ ఒకరికి ఆయన బాగా దగ్గరివాడు.

అక్కడ ఇంటర్న్‌గా చేరింది సుమలత. మల్కాజ్‌గిరి అమ్మాయే, తండ్రి ఆటో నడుపుతాడు. వ్యవసాయ డిప్లొమా చేసింది. నేను చూడటానికి వెళ్ళిన రోజు ఆదివారం. జరీ అంచు చీర కట్టుకుని, పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని కాటేజీల మధ్య తిరుగుతోంది. పక్కకు పిలిచి అడిగాను.

"ఏం నేర్చుకున్నవ్ బిడ్డా?"

"జూస్ గ్లాసుల పుదీన ఆకు ఎట్ల పెట్టాల్నో నేర్చుకున్న మేడమ్. నిమ్మకాయ ముక్క అంచుకు గుచ్చుడు సుత వచ్చింది."

నవ్వుతూ చెప్పలేదు. కోపంగా చెప్పింది.

"పాలీహౌస్‌ల ఎన్నడు పని చెయ్యలే?"

"ఫోటో దిగెటప్పుడు ఒకసారి పోయిన. చేతికి ఒక క్యాప్సికం ఇచ్చిర్రు. ఫోటో అయినంక తీస్కున్నరు."

"బట్టలు సర్దుకో. వేరే ఫామ్‌కు పంపిస్త," అన్నాను. నా దగ్గర ఖాళీ ఉన్న మంచి రైతులు ఉన్నారు. అప్పటికి నాకు తోచిన న్యాయం అదే.

సుమలత పళ్ళెం అరుగు మీద పెట్టింది.

"నేనెందుకు పోవాలె మేడమ్? తప్పు నేను చేసిన్నా? నేర్పిస్తనని పైసలు తీస్కున్నది ఆయన. నేర్పియ్యమనుర్రి. నేర్పెదాంక నేను ఈడికెల్లి కదల."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాతో అలా మాట్లాడిన ఇంటర్న్ మరొకరు లేరు. అన్యాయం జరిగిన పిల్లను అక్కడినుంచి తప్పిస్తే మన మనసు తేలికపడుతుంది. అన్యాయం చేసినవాడికీ తేలికే. అతని జోలికి ఎవరూ పోరు. ఆ మాట ఆమె నోట విన్నాకే నాకు తట్టింది.

యజమాని దగ్గరికి వెళ్ళాను. మర్యాదస్తుడే, కుర్చీ వేయించాడు.

"మేడమ్, ఆ అమ్మాయి చురుకైనది. గెస్టులతో చక్కగా మాట్లాడుతుంది. అది కూడా స్కిల్లే కదా?"

"స్కిల్లే సార్. హోటలోళ్ళు జీతమిచ్చి పెట్టుకుంటరు. మా గ్రాంటు దానికోసం కాదు."

"సర్టిఫికెట్ కావాలంటే ఇప్పుడే ఇచ్చేస్తాను."

"దాన్ని ఆమె ఏం చేసుకుంటది? మొక్కకు కడుతదా?"

ఆయన నవ్వి, చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే చూడనని అర్థం. మర్నాడు పొద్దున్నే సుమలత చీర మానేసి సల్వార్ కమీజు వేసుకుని పాలీహౌస్ తలుపు ముందు నిలబడింది. లోపల పంట చూసుకునే సతీష్ అనే కుర్రాడు, సార్ చెబితేనే తలుపు తీస్తానన్నాడు. ఆమె అక్కడే ఉంది. నేనూ బస్సు దిగి నేరుగా వచ్చి, ఎరువు బస్తా మీద ఆమె పక్కన కూర్చున్నాను. మేము నినాదాలేమీ ఇవ్వలేదు. తెచ్చుకున్న డబ్బా విప్పుకుని తిన్నాం. కాటేజీల నుంచి పాలీహౌస్ చూడటానికి వచ్చిన కుటుంబం ఒకటి, మేమెవరని అడిగింది.

"నేను ఈడ ట్రైనింగ్ తీస్కుంటున్న ఆంటీ. తలుపు తీస్తే షురూ చేస్త," అంది సుమలత.

ఆ మాట యజమాని చెవిన పడటానికి ఎంతోసేపు పట్టలేదు. మధ్యాహ్నానికి తలుపు తెరుచుకుంది.

నేర్పేవాడు ఎవరు

తలుపు తెరుచుకుంది గాని సతీష్ నోరు తెరవలేదు. సుమలత ఏది అడిగినా "తర్వాత చెప్తా" అనేవాడు. అతణ్ణి విడిగా కలిశాను.

"నేను చెడ్డోణ్ణి కాదు మేడమ్. ఈ పిల్లకు అంతా నేర్పితే రేపు సగం జీతానికి ఈమెనే పెట్టుకుంటడు. నాకు ఇద్దరు పిల్లలు. నా పరిస్థితి ఏంది?"

అతని భయం నిజమైనదే. నేర్పినందుకని మేమిచ్చే భాగం యజమాని ఖాతాకు పోతోంది. నేర్పవలసినవాడికి దక్కేది ఉద్యోగ భయం మాత్రమే. చాలా ఫామ్‌లలో జరిగేది ఇదే. మీరు ఫామ్‌కు వెళ్ళినప్పుడు బోర్డు మీద పేరెవరిదో చూడకండి. పిల్లల పక్కన నిలబడి చెబుతున్నది ఎవరో చూడండి. ఆ మనిషికి దక్కనప్పుడు మీరెన్ని రూల్స్ రాసినా వృథా.

శిక్షణ భాగం సతీష్‌కు నేరుగా అందాలి, ఇంటర్న్‌ను చూపి అతణ్ణి తొలగించకూడదు, ఈ రెండూ ఒప్పుకుంటేనే తర్వాతి వాయిదాకు సంతకం పెడతానని యజమానికి చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు. నేను బస్సెక్కి బజారు చేరేలోపే ట్రస్టీ నుంచి ఫోను మా ఆఫీసుకు చేరింది.

మా డైరెక్టరు కృష్ణమోహన్ గారు దొంగ కాదు. ఆయన గురించి ఎవరేమన్నా ఆ మాట నేను అననివ్వను. ఆయనకు భయం, అంతే. ట్రస్టీల దగ్గర్నుంచి ఫోనొస్తే లేచి నిలబడి మాట్లాడేవారు. ఆ రోజు నన్ను పిలిచి తలుపు వేయించారు.

"రజియా గారూ, మీరు ఫామ్ ముందు కూర్చున్నారట. మనం గ్రాంటు ఇచ్చేవాళ్ళం, ధర్నాలు చేసేవాళ్ళం కాదు."

"ఆ పిల్ల నేర్చుకున్నా మీరు రిపోర్టుల నేర్చుకున్నదనే రాస్తరు సార్. నేర్చుకోకున్నా అదే రాస్తరు. నాకు మాత్రం ఆ రెండిటికి తేడా ఉంది."

"ఆయన మన ట్రస్టీకి ఎంత దగ్గరో తెలుసా మీకు?"

"తెలుసు. గ్రాంటు ఎట్ల వచ్చిందో సుత తెలుసు."

"మీరు సంతకం పెట్టకపోతే ఇంకొకరితో పెట్టిస్తాను."

"పెట్టించుర్రి. నేను చూసింది మాత్రం నేను రాస్త."

ఆయన ఇంకొకరి కోసం చూశారు. ఆఫీసులో అప్పటికే అందరికీ సంగతి తెలిసిపోయింది. ఆ ఫామ్ పేరు చెబితే ఎవరూ కలం తీయలేదు. సంతకం లేక వాయిదా ఆగేసరికి చివరికి యజమాని ఒప్పుకున్నాడు. సతీష్‌కు డబ్బు అందడం మొదలైన వారం నుంచి, తాను వద్దన్నా వినకుండా అతను నేర్పేవాడని సుమలత చెప్పింది.

హాల్లో

ఏడాది చివర సికింద్రాబాద్‌లోనే ఒక హాలు తీసుకుని సభ పెట్టేవాళ్ళం. ఫామ్ యజమానులకు శాలువాలు, ఇంటర్న్‌లకు సర్టిఫికెట్లు. పిల్లలు ఒక్కొక్కరూ మైకు దగ్గర రెండు ముక్కలు కృతజ్ఞతలు చెప్పాలి. సుమలత వంతు వచ్చింది. ఏం మాట్లాడుతుందో నాకు ముందు తెలియదు. తెలుసునని డైరెక్టరు గారు చివరిదాకా నమ్మారు.

"అందరికి నమస్తే. ఈ సాలు మొదటి సగం నేను గెస్టులకు జూస్ ఇచ్చిన. దానికి థ్యాంక్స్ చెప్ప. రెండో సగం సతీష్ అన్న నాకు క్యాప్సికం నేర్పిండు. డ్రిప్పుల ఎరువు కలుపుడు, కొమ్మలు కోసి తాడుకు ఎక్కించుడు, ఆకు కింద పురుగు చూసుడు. సతీష్ అన్నకు థ్యాంక్స్. వచ్చే సాలు ఈ ఫామ్‌కు వచ్చెటోళ్ళకు మొదటి రోజు నుంచే తలుపు తెరువుర్రి. గంతే."

శాలువా అప్పటికే యజమాని భుజాల మీద ఉంది. ఆయన దాన్ని తీసి మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ముందు వరుసల్లో ఎవరూ కదల్లేదు. వెనక కూర్చున్న ఇంటర్న్‌లు చప్పట్లు మొదలుపెట్టారు. కొమరయ్య ఈల కూడా వేశాడు.

తర్వాతి సోమవారం నా సీటు మారింది. ఫామ్‌లకు వెళ్ళే పని తీసేసి, పత్రికలు, ఫోటోలు చూసే పని ఇచ్చారు. విభాగానికి పెద్దను చేస్తారని అంతకుముందు వినిపించిన మాట మళ్ళీ వినిపించలేదు. మా ఆయన, "ఆ పిల్ల మాట్లాడింది, నీకెందుకు శిక్ష?" అని అడిగాడు. శిక్ష అనుకుంటే శిక్షే. నేనైతే ఆ పిల్ల చేత మాట్లాడించనూలేదు, మాట్లాడినందుకు నొచ్చుకోనూలేదు. ఒక మంచి మాత్రం జరిగింది. తర్వాతి ఏడాది నుంచి చివరి వాయిదా ఇచ్చేముందు ఇంటర్న్‌తో, యజమాని లేకుండా విడిగా మాట్లాడాలని గ్రాంట్లు మంజూరు చేసే మా కమిటీ తీర్మానించింది. ఆ రూలు ఇప్పటికీ ఉంది. ఎక్కడినుంచి వచ్చిందో కొత్తవాళ్ళకు తెలియదు, అందుకే చెబుతున్నాను.

కౌలు భూమి

సుమలతకు పాలీహౌస్ ఉద్యోగం ఎక్కడా రాలేదు. "ఆ పిల్ల నోరు పెద్దది" అన్న మాట ఆమె కంటే ముందే ప్రతి ఫామ్‌కూ చేరింది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు.

"ఇయ్యకుంటే ఏమాయె మేడమ్. నేనే పెట్టుకుంట."

కీసర దగ్గర అర ఎకరం కౌలుకు తీసుకుంది. నీడకు షేడ్‌నెట్ వేసి ట్రేలలో మిరప, టమాట, వంకాయ నారు పెంచి చుట్టుపక్కల రైతులకు అమ్మేది. తండ్రి ఆటోలోనే ట్రేలు చేరవేసేవారు. మొదటి ఏడాది నారుకుళ్ళు తెగులు వచ్చి సగం పోయింది. రెండో ఏడాది నిలదొక్కుకుంది. మూడో ఏడాది మా ఆఫీసుకే దరఖాస్తు పెట్టింది, తనకు ఇంటర్న్‌ను పెట్టుకోవడానికి గ్రాంటు కావాలని.

దరఖాస్తు వెంటనే తిరిగిపోయింది. భూమి పాసుపుస్తకం దరఖాస్తుదారు పేరుమీద ఉండాలని రూలు. పోనీ కౌలు కాగితమైనా తెమ్మన్నారు. భూమి యజమాని ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటాడు. సుమలతతో నేనూ వెళ్ళాను. పెద్దాయన మంచి టీ ఇచ్చాడు, మంచిగా మాట్లాడాడు.

"బిడ్డ పనిమంతురాలు, నేను కాదంటలేను. కాయితం మీద మాత్రం రాయమనకుర్రి మేడమ్. రాసినంక రేపు భూమి నాది కాకుంట పోతే?"

ఎంత చెప్పినా అదే మాట. ఇది ఆయన ఒక్కడి భయం కాదు. కౌలుకిచ్చే చాలామంది నోటిమాటతోనే ఇస్తారు. మన రూలు ఆ సంగతి ఎరగనట్టు కూర్చుంటుంది.

సీటు మారినా సీనియారిటీ వల్ల కమిటీలో మాట్లాడే హక్కు నాకు మిగిలింది. మాట్లాడాను.

"కిరాయి ఇంట్ల ట్యూషన్ చెప్పే మాస్టరు దగ్గరికి మన పిల్లల్ని పంపుతం. లెక్కలు మంచిగ చెప్తడా అని అడుగుతం. ఇల్లు మీదేనా సార్ అని ఎవరన్న అడుగుతమా? ఈమె దగ్గర నేర్చుకోవాల్సింది నారు పెంచుడు. భూమి ఎవరిదైతే మనకేంది?"

డైరెక్టరు గారు రూలు చదివి వినిపించారు. నేను మళ్ళీ అదే అడిగాను. ఆయన మళ్ళీ చదివారు. కమిటీలో ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ ఉండేవారు. అంతసేపూ విని, "మీ ఇద్దరి గొడవ రేపటికీ తెగదు. వెళ్ళి చూసొద్దాం పదండి," అన్నారు.

వెళ్ళాం. సుమలత చేతులకు మట్టితోనే ఎదురొచ్చింది. ఒక్కో దశలో నారు చూపించింది, చచ్చిన ట్రేలు కూడా దాచకుండా చూపించింది. అన్నీ చూశాక డైరెక్టరు గారు న్యాయమైన ప్రశ్నే వేశారు.

"మధ్యలో భూమి యజమాని ఖాళీ చేయమంటే ఇంటర్న్ గతేంటమ్మా?"

"ఇంకో భూమి చూసుకుంట సార్. నాకు పని వచ్చు. భూమి పోతే పని పోదు."

హెడ్‌మిస్ట్రెస్ గారు అక్కడే మంజూరు చేయమన్నారు. డైరెక్టరు గారు ఫైలు మీద తన అభ్యంతరం రాసి మరీ సంతకం పెట్టారు. నస్రీన్ అనే అమ్మాయి ఇంటర్న్‌గా చేరింది. తండ్రి స్టవ్వులు బాగుచేస్తాడు. ఆ తర్వాత కొద్ది వారాలకే నేను రిటైరయ్యాను. పూలదండ వేశారు, గోడగడియారం ఇచ్చారు. అది నడవదు.

భూమి అమ్ముడుపోయింది

ఆ అభ్యంతరమే నిజమైంది. నస్రీన్ శిక్షణ సగంలో ఉండగా పెద్దాయన భూమిని ప్లాట్లు వేసే వెంచరువాళ్ళకు అమ్మేశాడు. రెండు వారాల్లో ఖాళీ చేయమన్నాడు. సుమలత నాకు ఫోను చేసింది.

"మేడమ్, ట్రేలు నిండ నారు ఉంది. ఆర్డర్లున్నయ్. ఆఫీసోళ్ళకు తెలిస్తే గ్రాంటు ఆపుతరా?"

"ముందు జాగ చూడు. ఆపినప్పుడు తగాదా పెట్టుకుందం."

శామీర్‌పేట దాటాక బోరున్న చిన్న చెలక, మెట్టచేను, ఒకటి దొరికింది. నేనూ వెళ్ళాను. వయసైంది, బరువులు మోయలేను. నీడన కూర్చుని ట్రేల మీద తడిగుడ్డలు కప్పాను. షేడ్‌నెట్ విప్పడం, దాన్ని నిలిపే కడీలు పీకడం, కొత్తచోట పాతడం, అన్నిటిలో నస్రీన్ ఉంది. వాళ్ళ అమ్మ ఫోను చేసి, ఇంత తక్లీఫ్ ఎందుకు, ఇంటికొచ్చెయ్యమంది. "నారు ఎండిపోతది అమ్మీ, నేను రాను," అని ఫోను పెట్టేసింది. సుమలత తండ్రి ఆటో ఎన్ని తిరుగుళ్ళు తిరిగిందో నాకు తెలియదు. కొంత నారు దారిలో వాడిపోయింది. ఎక్కువ భాగం బతికింది. ఆర్డరు ఇచ్చిన రైతులు కొత్తచోటు వెతుక్కుంటూ వచ్చి పట్టుకెళ్ళారు.

వారం తిరక్కుండా మా ఆఫీసు నుంచి తనిఖీకి ఒక కొత్త అబ్బాయి వచ్చాడు. నన్ను చూసి నమస్తే పెట్టాడు. చేతిలోని ఫైలు తిప్పి తిప్పి చూసి, చెమట తుడుచుకున్నాడు.

"మేడమ్, ఫైల్లో సర్వే నంబరు కీసరది. ఇది శామీర్‌పేట. నేను ఏ ఫామ్ చూసినట్టు రాయాలి?"

సుమలత నెట్ కట్టే తాడు వదలకుండానే చెప్పింది. "ఫైల్ల ఉన్న జాగల ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు పాతిర్రు సార్. మొక్కలు ఈడ ఉన్నయ్. నేర్చుకునే పిల్ల ఈడ ఉంది. చూస్కోర్రి."

అతను నావైపు తిరిగాడు.

"నన్నెందుకు చూస్తవ్ కొడుకా? నేను రిటైరైన. నీ ముంగట ఉన్నది రాయి."

"సార్ ఒప్పుకోకపోతే?"

"అప్పుడు తగాదా పెట్టుకో."

అతను చెప్పులు విప్పి నెట్ కిందికి వెళ్ళాడు. నస్రీన్ ట్రే చూపిస్తూ ఏదో చెబుతుంటే వంగి వింటూ, రాయడం మొదలుపెట్టాడు.